కేటలాగ్‌లో పుస్తకం కనిపిస్తోంది, చదవడానికి మాత్రం లేదు: గ్రంథాలయానికి డిజిటల్ రిపాజిటరీ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం ఎలా?

మీరు ఇంటి పన్ను కట్టిన ప్రతిసారీ గ్రంథాలయానికి కూడా కొంత కడుతున్నారు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. ఆ లెక్కన గ్రంథాలయంలో ఏముందో అడిగే హక్కు మీకుంది.

ఇప్పుడు చాలా కాలేజీలు, కొన్ని పెద్ద గ్రంథాలయాలు తమ కేటలాగ్‌ను ఆన్‌లైన్‌లో పెట్టాయి. ఫోన్‌లో పేరు కొడితే పుస్తకం ఉందో లేదో, ఏ బీరువాలో ఉందో తెలుస్తుంది. అక్కడితో ఆగిపోతుంది. మీకు కావలసింది 1930ల నాటి పత్రిక సంచిక అయితే దాన్ని ఇంటికి ఇవ్వరు. కాగితం ముట్టుకుంటే పొడి అవుతుంది. ఎప్పుడో స్కాన్ చేశారు కదా అని అడిగితే, ఆ ఫైళ్లు ఆఫీసు గదిలో ఒక హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయంటారు.

ఆ హార్డ్‌డిస్క్‌కూ మీ ఫోన్‌కూ మధ్య ఉండాల్సిన వ్యవస్థనే డిజిటల్ రిపాజిటరీ అంటారు. మీరు గ్రంథాలయ కమిటీలోనో, కాలేజీ లైబ్రరీలోనో, ఊరి ట్రస్టులోనో ఉంటే దీన్ని ఎంచుకునే బాధ్యత ఏదో ఒక రోజు మీ మీద పడవచ్చు. లైసెన్సు ఫీజు లేని మంచి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. చిక్కు ఎంపికలోనే.

కేటలాగ్ వేరు, రిపాజిటరీ వేరు

కేటలాగ్ పుస్తకం గురించి చెబుతుంది. రిపాజిటరీ పుస్తకాన్నే దాచిపెట్టి, అడిగినప్పుడు చూపిస్తుంది.

కేటలాగ్ కోసం మన దగ్గర బాగా వాడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కోహా. మావోరీ భాషలో ఆ మాటకు కానుక అని అర్థం. న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా లైబ్రరీ ట్రస్టు పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం దాటితే పని చేయదని తేలడంతో 1999లో దీన్ని తయారు చేయించుకున్నారు. 2000 జనవరిలో వాడకం మొదలైంది. హైదరాబాద్‌లో పుట్టిన న్యూజెన్‌లిబ్ కూడా 2008లో ఓపెన్ సోర్స్ అయింది. ప్రభుత్వ గ్రంథాలయాల్లో కనిపించే ఈ-గ్రంథాలయ ఎన్ఐసీ తయారు చేసింది. అది ఉచితమే గానీ ఓపెన్ సోర్స్ కాదు. ఈ తేడా గుర్తుంచుకోండి, ముందుకు వెళ్లాక పనికొస్తుంది.

ఇవన్నీ సభ్యత్వాలు, ఇచ్చిపుచ్చుకోవడం, జరిమానాలు, కొత్త పుస్తకాల కొనుగోలు చూసుకుంటాయి. 400 పేజీల స్కాన్‌ను 50 ఏళ్లపాటు చెడిపోకుండా ఉంచడం వీటి పని కాదు.

కోహాలోనే పీడీఎఫ్ పెట్టేస్తే సరిపోదా?

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. పదీ ఇరవై ఫైళ్లయితే సరిపోతుంది. కోహాలో ఫైళ్లు ఎక్కించే వీలుంది. వందలకు చేరాక ఇబ్బందులు మొదలవుతాయి. ఒక పత్రిక సంచికలో 15 వ్యాసాలుంటే ఒక్కోదాన్నీ విడిగా ఎలా చూపించాలి? కొన్ని ఫైళ్లు అందరికీ, కొన్ని లోపలికి వచ్చినవారికే కనిపించాలంటే ఎలా? ఫైల్ తెలియకుండా పాడైతే ఎవరు పసిగట్టాలి?

ఇంకో దారి మరీ ప్రమాదకరం. సిబ్బందిలో ఒకరు తన సొంత గూగుల్ డ్రైవ్‌లో ఫైళ్లు పెట్టి, ఆ లింకులను కేటలాగ్‌లో అతికిస్తారు. ఆయన రిటైరయ్యాక ఆ ఖాతా మూతపడుతుంది. ఆ రోజు నుంచి కేటలాగ్‌లో లింకు ఉంటుంది, పుస్తకం ఉండదు. గ్రంథాలయం ఆస్తి ఒక వ్యక్తి పాస్‌వర్డ్ వెనక ఉండకూడదు.

ఏయే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి?

ముందుగా చూడాల్సింది డీస్పేస్. అమెరికాలోని ఎంఐటీ గ్రంథాలయాలు, హెచ్‌పీ ల్యాబ్స్ కలిసి 2002లో విడుదల చేశాయి. మన దేశంలో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలన్నీ చేరే శోధ్‌గంగ నడిచేది దీని మీదే. శోధ్‌గంగను గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహిస్తోంది. పరిశోధకులు సాఫ్ట్ కాపీ ఇవ్వాలన్న యూజీసీ నిబంధన 2009లో వచ్చింది. తెలుగు విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ చేసినవారు మీ ఇంట్లో ఉంటే ఒకసారి వెతికి చూడండి. డీస్పేస్ రూపం ఎలా ఉంటుందో తెలుస్తుంది.

డీస్పేస్ బలం క్రమశిక్షణ. విభాగం, అందులో సేకరణ, అందులో ఒక్కో వస్తువు అనే మెట్ల వరుస ఉంటుంది. ఫైల్ ఎక్కించినప్పుడే దానికి చెక్‌సమ్ అనే వేలిముద్ర లాంటి సంఖ్య లెక్కగట్టి దాచుకుంటుంది. తర్వాత మళ్లీ లెక్కించి సరిపోల్చుకునే సదుపాయం ఉంది కాబట్టి, ఫైల్‌లో ఒక్క బిట్ మారినా పట్టుకోవచ్చు. ఒక ఫైల్‌ను ఫలానా తేదీ వరకు ఎవరికీ చూపించొద్దని కూడా చెప్పవచ్చు.

బలహీనత దాని బరువు. 2021లో వచ్చిన ఏడో వెర్షన్ నుంచి ముందు భాగం, వెనక భాగం విడిపోయాయి. జావా, పోస్ట్‌గ్రెస్, సోలర్, నోడ్ అన్నీ నడవాలి. ఏడాదికి రెండు మూడు వేలు కట్టే మామూలు షేర్డ్ హోస్టింగ్‌లో ఇది నడవదు. సర్వర్ సంగతి తెలిసిన మనిషి ఉండాలి. పాత ఆరో వెర్షన్‌కు మద్దతు 2023లోనే ఆగిపోయింది. ఎవరైనా ఇప్పుడు మీకు ఆరో వెర్షన్ పెట్టిస్తామంటే అక్కడే మర్యాదగా వద్దనండి.

డీస్పేస్‌తో వచ్చే ఇంకో చిన్న విషయం చాలామంది పట్టించుకోరు. ప్రతి వస్తువుకూ హ్యాండిల్ అనే శాశ్వత చిరునామా వస్తుంది. అందులో మొదటి భాగం మీ సంస్థకు కేటాయించిన సంఖ్య. నమోదు చేసుకోకపోతే సాఫ్ట్‌వేర్ నమూనాగా పెట్టిన 123456789 అనే అంకెలే ఉండిపోతాయి. మన దేశంలో చాలా రిపాజిటరీల చిరునామాల్లో ఈ అంకెలు కనిపిస్తాయి. అంటే అది పేరుకే శాశ్వతం. సర్వర్ మారితే ఆ చిరునామా ఎక్కడికీ తీసుకెళ్లదు. నమోదుకు ఏటా కట్టాల్సింది చిన్న రుసుమే. అది మొదటి రోజే కట్టాలి, ఎందుకంటే తర్వాత మార్చితే అప్పటిదాకా జనం పంచుకున్న లింకులన్నీ చెడిపోతాయి.

రెండోది ఈప్రింట్స్. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం 2000లో తెచ్చింది. పరిశోధన వ్యాసాలకు దీన్ని మించినది అరుదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, ఐఐటీ హైదరాబాద్ రిపాజిటరీలు దీని మీదే వచ్చాయి. పాత పుస్తకాలు, పత్రికలు ప్రధానమైన గ్రంథాలయానికి మాత్రం ఇది అంతగా నప్పదు.

మూడోది ఒమేకా. జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలోని చరిత్ర కేంద్రం 2008లో విడుదల చేసింది. ఫొటోలు, తాళపత్రాలు, ఉత్తరాలు, కరపత్రాలు ఉన్న చిన్న సంస్థకు ఇది హాయిగా ఉంటుంది. మామూలు హోస్టింగ్‌లో నడుస్తుంది, వర్డ్‌ప్రెస్ వాడినవారికి వారంలో అలవాటవుతుంది. వస్తువులను కథలా పేర్చి ప్రదర్శన పెట్టవచ్చు. ఎవరు ఎక్కించారు, ఎవరు పరిశీలించారు, ఎవరు ఆమోదించారు అనే దశలు, ఫైళ్ల ఆరోగ్య పరీక్ష మాత్రం డీస్పేస్‌లో ఉన్నంతగా ఉండవు.

న్యూజిలాండ్‌లోని వైకాటో విశ్వవిద్యాలయం తయారు చేసిన గ్రీన్‌స్టోన్‌కు యునెస్కో అండ ఉంది. ఇంటర్నెట్ లేని చోట సేకరణ మొత్తాన్ని డిస్క్‌లో పెట్టి పంచడం దాని ప్రత్యేకత. ద్రూపల్ మీద నడిచే ఐలాండోరా, సెర్న్ తయారు చేసిన ఇన్వీనియో కూడా ఉన్నాయి. వాటికి సొంత సాంకేతిక బృందం ఉండాలి కాబట్టి జిల్లా స్థాయి గ్రంథాలయం వాటి జోలికి వెళ్లకపోవడమే మంచిది.

నన్నడిగితే, సర్వర్ చూసుకునే మనిషి లేదా సంస్థ ఖాయంగా ఉంటే డీస్పేస్, లేకపోతే ఒమేకా. ఎవరూ చూసుకోని డీస్పేస్ కంటే రోజూ వాడే ఒమేకా నయం.

తెలుగు పరీక్ష పెట్టకుండా ఏదీ ఎంచుకోవద్దు

సాఫ్ట్‌వేర్ల పోలిక పట్టికల్లో ఇది కనిపించదు. మనకు అన్నిటికంటే ముఖ్యం ఇదే.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనుభవం చూడండి. బెంగళూరు ఐఐఎస్‌సీ, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వంటి సంస్థలు, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తోడుగా 2000ల తొలి ఏళ్లలో భారీగా పుస్తకాలు స్కాన్ చేశాయి. దాని వెనకున్న మిలియన్ బుక్స్ ఆలోచనలో ముఖ్యుడు మన చిత్తూరు జిల్లాలో పుట్టిన రాజ్ రెడ్డి. పని గొప్పది. కానీ తెలుగు పుస్తకాల పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగ్‌తో వారు ఎక్కించారు. ఒకే రచయిత పేరు నాలుగైదు రకాలుగా ఉండిపోయింది. పుస్తకం ఉంది, కానీ దొరకదు. తర్వాత ఆ వెబ్‌సైట్ ఆగిపోయింది. లక్షల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా ఉండబట్టి ఈ రోజు మనం చదవగలుగుతున్నాం. దొరకడంలో ఇబ్బంది మాత్రం అక్కడా కొనసాగుతోంది.

అందుకే డెమో చూపించడానికి వచ్చినవారి ముందు ఈ మాటలు కొట్టించండి. చిలుకూరి వీరభద్రరావు పుస్తకం పేరు ‘ఆంధ్రుల చరిత్రము’. పాఠకుడు కొట్టేది ‘ఆంధ్రుల చరిత్ర’. దొరుకుతుందా? ‘గ్రంథాలయం’ అని ఎక్కించినదాన్ని ‘గ్రంధాలయం’ అని వెతికితే వస్తుందా? పాత పేర్లలో అరసున్న, బండి ఱ ఉంటే? ‘శ్రీనివాస్‌రావు’ అనే పేరులో స్, రా కలిసిపోకుండా మధ్య కంటికి కనిపించని ఒక అక్షరం ఉంటుంది. ఒక ఫోన్ కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకొకటి పెట్టదు. చూడటానికి దాదాపు ఒకేలా ఉన్నా కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు మాటలు.

వీటిలో కొన్ని సాఫ్ట్‌వేర్ అమరికతో తీరతాయి. డీస్పేస్ వెనక వెతుకులాట పని చేసే సోలర్‌కు ఆధారం లూసీన్. అందులో తెలుగు కోసం ప్రత్యేక విశ్లేషణ పరికరం ఉంది. అది తనంతట తాను పని మొదలుపెట్టదు, అమర్చమని మీరే అడగాలి. మిగతావి మనుషులే చేయాలి. శ్రీశ్రీ అని వెతికినా, శ్రీరంగం శ్రీనివాసరావు అని వెతికినా ఒకే చోటికి చేరాలంటే రచయితల పేర్ల అధికారిక పట్టీ ఒకటి ఉండాలి. కోహాలో ఆ సదుపాయం బాగుంది. రిపాజిటరీలో పేర్లు కొత్తగా టైప్ చేయించకుండా అక్కడి నుంచే తెచ్చుకోండి.

ఇంకో హెచ్చరిక. డీటీపీ సెంటర్ల నుంచి వచ్చిన పీడీఎఫ్‌లు చాలావరకు అను వంటి పాత ఫాంట్లలో ఉంటాయి. కంటికి తెలుగే. లోపలున్న సంకేతాలు మాత్రం యూనికోడ్ కావు, కాబట్టి వెతికితే ఏమీ దొరకదు. వాటిని మార్చాలి, లేదా స్కాన్లలాగే భావించి ఓసీఆర్ చేయాలి. ఉచితంగా దొరికే టెసరాక్ట్‌కు తెలుగు వచ్చు. కొత్త అచ్చుకు బాగానే పని చేస్తుంది. చెదలు తిన్న 1920ల పేజీ మీద తడబడుతుంది. అయినా ఏమీ లేనిదానికంటే తప్పులున్న పాఠం వెతకడానికి పనికొస్తుంది. పాఠకుడికి చూపించేది ఎలాగూ పేజీ బొమ్మనే.

రెండిటినీ కలపడం ఎలా?

కేటలాగ్ రికార్డులు మార్క్ 21 అనే పద్ధతిలో ఉంటాయి. 100లో రచయిత, 245లో పేరు, 856లో ఆన్‌లైన్ చిరునామా. రిపాజిటరీలు ఎక్కువగా 15 అంశాల డబ్లిన్ కోర్ వాడతాయి. మార్క్ నుంచి డబ్లిన్ కోర్‌కు వెళ్లేటప్పుడు కొంత వివరం రాలిపోతుంది. తిరిగి రాదు. కాబట్టి అసలు రికార్డు ఎప్పుడూ కేటలాగ్‌లోదే, రిపాజిటరీలోది దాని నకలు అని ముందే తీర్మానించుకోండి. తప్పు కనిపిస్తే కేటలాగ్‌లో దిద్ది, అక్కడి నుంచి ఇక్కడికి తేవాలి. రెండు చోట్లా విడివిడిగా దిద్దడం మొదలైతే ఏడాదిలో ఏది నిజమో ఎవరికీ తెలియదు.

కలిపే తీగ సన్ననిదే. కోహా రికార్డు సంఖ్యను రిపాజిటరీలో ఒక గడిలో రాయండి. రిపాజిటరీ శాశ్వత చిరునామాను కోహా 856లో రాయండి. అప్పుడు కేటలాగ్‌లో వెతికినవారికి ‘ఆన్‌లైన్‌లో చదవండి’ అనే లింకు కనిపిస్తుంది. రిపాజిటరీలో చదివినవారికి అసలు ప్రతి ఏ బీరువాలో ఉందో తెలుస్తుంది.

రెండిటినీ ఒకే పెట్టెలో వెతకాలంటే వ్యూఫైండ్ వంటి మరో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కావాలి. ఓఏఐ-పీఎంహెచ్ అనే పద్ధతిలో అది రెండు చోట్ల నుంచీ వివరాలు సేకరించుకుంటుంది. మొదటి ఏడాదే దీని జోలికి వెళ్లక్కర్లేదు. కానీ మీరు ఎంచుకునే రిపాజిటరీకి ఓఏఐ-పీఎంహెచ్ వచ్చి తీరాలి. ఐఐటీ ఖరగ్‌పూర్ నిర్వహించే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వంటివి సంస్థల రిపాజిటరీల నుంచి వివరాలు తీసుకుని తమ వెతుకులాటలో చూపిస్తాయి. ఆ ద్వారం మూసి ఉంటే మీ పుస్తకం మీ ఊరికే పరిమితం.

స్కాన్ చేసినవన్నీ అందరికీ చూపించవచ్చా?

చూపించకూడదు. మన కాపీరైట్ చట్టం 1957 ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లపాటు హక్కులుంటాయి. గురజాడ 1915లో, గిడుగు రామమూర్తి 1940లో, సురవరం ప్రతాపరెడ్డి 1953లో కన్నుమూశారు. వారి రచనలు ఇప్పుడు అందరివీ. చలం 1979లో మరణించారు కాబట్టి 2039 చివరి వరకు, శ్రీశ్రీ 1983లో మరణించారు కాబట్టి 2043 చివరి వరకు ఆగాలి, లేదా హక్కుదారుల అనుమతి తీసుకోవాలి. పాత పుస్తకానికి 1990ల్లో ఎవరో రాసిన ముందుమాట ఉంటే, ఆ ముందుమాట హక్కులు వేరు. అనువాదానికి అనువాదకుడి హక్కులు వేరు. పత్రిక అయితే వ్యాసం వ్యాసానికీ చూసుకోవాలి.

మరి హక్కులున్న పుస్తకాన్ని స్కాన్ చేయడమే తప్పా? కాదు. వ్యాపార ప్రయోజనం లేని ప్రజా గ్రంథాలయం, తన దగ్గర అచ్చు ప్రతి ఉన్నప్పుడు, భద్రపరచడం కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చని 2012 సవరణ చెప్పింది. దాచుకోవడం వరకే ఆ మినహాయింపు. ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి పెట్టడానికి అది అనుమతి కాదు. అందుకే ‘దాచు, చూపించకు’ అని ఒక్కో ఫైల్‌కూ విడిగా చెప్పగలిగే సాఫ్ట్‌వేర్ కావాలి. ఫలానా సంవత్సరం జనవరి 1న తెరవాలని ఇప్పుడే రాసిపెడితే, అప్పటి సిబ్బందికి ఆ పని మిగలదు.

ఖర్చు ఎక్కడ వస్తుంది?

సాఫ్ట్‌వేర్ ఉచితం, నిల్వ ఉచితం కాదు. ఏ5 సైజు పేజీని 300 డీపీఐలో రంగుల్లో స్కాన్ చేసి, కుదించకుండా దాస్తే దాదాపు 13 ఎంబీ. 200 పేజీల పుస్తకం 2.6 జీబీ. 5,000 పుస్తకాలు 13 టీబీ. మూడు ప్రతులు ఉంచితే 39 టీబీ. పాఠకుడికి ఇచ్చే పీడీఎఫ్ ఇందులో చిన్న భాగమే. కాబట్టి అసలు స్కాన్లను రిపాజిటరీ సర్వర్‌లో పెట్టకుండా విడిగా దాచి, సర్వర్‌లో పీడీఎఫ్‌లే ఉంచడం చాలామందికి సరిపోయే పద్ధతి.

మూడు ప్రతులు ఎందుకు? ఒకటి సర్వర్‌లో, ఒకటి అదే ఊళ్లో, ఒకటి వేరే ఊళ్లో, అందులో కనీసం ఒకటి నెట్‌కు తగలకుండా. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగింది. అంతటి సంస్థలో కూడా ప్రధాన కేటలాగ్ మళ్లీ ఆన్‌లైన్‌లోకి రావడానికి 2024 జనవరి వరకు పట్టింది.

అసలు ఖర్చు మనుషులది. స్కాన్ చేసేవారు దొరుకుతారు. స్కాన్‌లో 47వ పేజీ జారిపోయిందని గమనించేవారు, ప్రచురణ సంవత్సరం శాలివాహన శకంలో ఉంటే క్రీస్తు శకంలోకి మార్చేవారు దొరకడం కష్టం. శక సంవత్సరానికి 78 కలపాలని తెలియని ఏజెన్సీకి పని ఇస్తే 1832 అని ఎక్కించి వెళ్లిపోతుంది. అది నిజానికి 1910 నాటి పుస్తకం.

ఏజెన్సీతో సంతకం పెట్టే ముందు

ఓపెన్ సోర్స్ పెట్టించినా ఏజెన్సీ చేతిలో ఇరుక్కునే అవకాశం ఉంది. డొమైన్ పేరు గ్రంథాలయం పేరు మీద ఉండాలి, ఏజెన్సీ పేరు మీద కాదు. అడ్మిన్ పాస్‌వర్డ్ రాతపూర్వకంగా మీకు అందాలి. ఫైళ్లు, వివరాలు మొత్తం బయటికి తీసి ఇవ్వడం ఒప్పందంలో ఉండాలి. ఇస్తామని చెప్పడం కాదు, చివరి విడత డబ్బు చెల్లించే ముందు వేరే ఖాళీ కంప్యూటర్‌లో మళ్లీ ఎక్కించి చూపించాలి. సోర్స్ కోడ్ ఉంది కాబట్టే ఇది సాధ్యం. ఉచితమే గానీ ఓపెన్ సోర్స్ కానిదాంట్లో ఈ మాట అడగాలంటే తయారు చేసినవారి దయ మీద ఆధారపడాలి. ఏటా ఎన్నిసార్లు అప్‌డేట్ చేస్తారో కూడా రాయించండి. కోహా కొత్త వెర్షన్ ఆరు నెలలకోసారి వస్తుంది. 2019లో పెట్టి మళ్లీ ముట్టుకోని సర్వర్ దొంగలకు తెరిచిన తలుపు.

మొదటి విడతగా 100 వస్తువులు చాలు. హక్కులు తీరిన పుస్తకాలు 60, పత్రిక సంచికలు 20, హక్కులున్నవి 10, ఫొటోలు 10. వాటిని డీస్పేస్‌లో, ఒమేకాలో రెండిట్లోనూ ఎక్కించండి. రెండు సాఫ్ట్‌వేర్ల సైట్లలోనూ డెమో ఉంటుంది, ముందుగా అందులోనే చేయి తిప్పుకోవచ్చు. తర్వాత గ్రంథాలయానికి రోజూ వచ్చే నలుగురు పాఠకుల చేతికి ఫోన్ ఇచ్చి, ఫలానా వ్యాసం తీయమని అడగండి. ఒకరు పోటీ పరీక్షలకు చదివే విద్యార్థి, ఒకరు 60 దాటిన పెద్దాయన అయితే మంచిది. ఎక్కడ ఆగిపోయారో పక్కన కూర్చుని రాసుకోండి.